హైదరాబాద్ నంబర్ 12ఎ: ఒక బాంబర్ మోడల్ డైరీ

మే 12, 2024

పాత డైనింగ్ టేబుల్‌ని వెనక గదిలోకి జరిపించి, దాని మీద తెల్ల చార్టు పరిచి రెండు గీతలు గీశాను. ఒకటి 87.5 సెంటీమీటర్లు, రెండోది 57.6. మొదటిది ఈ చివరి రెక్క నుంచి ఆ చివరి రెక్క దాకా, రెండోది ముక్కు నుంచి తోక దాకా. అసలు విమానంలో పదహారో వంతు. ప్లాస్టిక్ కిట్ కాదు. కర్రతో, గుడ్డతో, వాళ్ళు అప్పట్లో ఎలా కట్టారో వీలైనంత అలాగే కట్టాలి.

విమానం పేరు డీహెచ్ 9ఎ. ఇద్దరు కూర్చునే పగటి బాంబర్. మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో, 1918లో, ఇంగ్లండులోని యోవిల్‌లో వెస్ట్‌ల్యాండ్ కంపెనీ కట్టింది. సీరియల్ నంబరు ఎఫ్1010. ఇప్పుడది లండన్ హెండన్‌లో ఉన్న ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వాయుసేన) మ్యూజియంలో ఉంది.

రెండేళ్ళ కింద మా అమ్మాయి ఆ మ్యూజియంకి వెళ్ళి ఒక ఫోటో పంపింది. దాని కింద ఒకే ఒక్క లైను: "నాన్నా, మన ఊరి పేరు ఇక్కడుందేంటి?" విమానం పక్క భాగంలో, ఇది హైదరాబాద్ నిజాం ప్రభువు కానుక అని ఇంగ్లీషులో రాసుంది. దానితోపాటే హైదరాబాద్ నంబర్ 12ఎ అని ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హైదరాబాద్‌కొచ్చి ముప్ఫై ఏళ్ళయింది, చౌమహల్లా చూశాను, సాలార్‌జంగ్ మ్యూజియం పదిసార్లు చూశాను, ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇదీ. బ్రిటిష్ వాయుసేనలో 110వ స్క్వాడ్రన్‌కి మొదట ఇచ్చిన డీహెచ్ 9ఎ విమానాలకి డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీదా ఆ మాట రాయించారు. దాంతో ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి 152, 253 స్క్వాడ్రన్లకి కూడా హైదరాబాద్ పేరు వచ్చింది. 152 వాళ్ళ చిహ్నంలో అయితే ఏకంగా నిజాం తలపాగానే ఉంటుంది. కానీ ఆ రెండూ ఫైటర్ దళాలు. బాంబర్లు నడిపింది 110.

ఇచ్చినవారి పేరు విమానం మీద ఉంది. నిజాం డబ్బంటే చివరికి పల్లెల్లో రైతు కట్టిన శిస్తే కదా, ఆ రైతు పేరు లేదు. అందులో ఎక్కి వెళ్ళినవాళ్ళ పేర్లూ లేవు. మోడల్ పూర్తయ్యాక దాని కింద పెట్టే చెక్క పీఠం మీద ఆ ఎక్కినవాళ్ళ పేర్లు తెలుగులో రాయించాలి. ఈ ప్రాజెక్టంతా అందుకే. గడువు అక్టోబర్ 5. ఎందుకో ఆ రోజు వచ్చినప్పుడు చెప్తాను.

జూన్ 9

నాలుగు వారాల్లో రెక్కల ఎముకలు మాత్రమే అయ్యాయి. రిబ్స్ ఒక మిల్లీమీటరు ప్లైవుడ్‌తో కోశాను. ఒక రేకు అచ్చు చేసుకుని, దాని చుట్టూ బ్లేడు తిప్పి, పదేసి కలిపి క్లాంపు బిగించి సాండ్‌పేపర్ పట్టడం. దూలాలకి బాల్సా చాలదనిపించి మా బస్తీ వడ్లాయన దగ్గరికి వెళ్తే, పాత తలుపు చట్రంలోంచి తీసిన టేకు బద్దలు సన్నగా చీల్చి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. "ఇమానానికి టేకు పెడతరా సార్, బరువు గాదా?" అన్నాడు. ఇది ఎగిరేది కాదన్నా అని చెప్పాను. అసలు విమానంలో వాడింది స్ప్రూస్ కలప. తేలిక, నిడివైన పీచు, వంగుతుంది గానీ విరగదు.

రెక్కల్ని కలిపే నిలువు కర్రలకి మాత్రం వెదురు. దానికి సాటి లేదు.

జూన్ 23

ఈ రెండు వారాలూ కాక్‌పిట్లతోనే సరిపోయింది. ఇక్కడ ఆగి రాసుకోవాలి, ఎందుకంటే ఈ విమానంలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించిన చోటు ఇదే.

దీనికి ముందు డీహెచ్ 4 అనే బాంబర్ ఉండేది. అందులో పైలట్ ముందు, అబ్జర్వర్, అంటే చుట్టూ గమనిస్తూ వెనక తుపాకీ చూసుకునే రెండోవాడు, ఎక్కడో వెనక. ఇద్దరి మధ్యా పెట్రోల్ ట్యాంకు. గాలి హోరులో, ఇంజిన్ మోతలో ఒకరి మాట ఇంకొకరికి చేరేది కాదు. డీహెచ్ 9 నుంచి పైలట్ సీటుని వెనక్కి తెచ్చి అబ్జర్వర్‌కి ఆనించినట్టు పెట్టారు. ఇప్పుడు చెయ్యి చాస్తే భుజం తట్టొచ్చు. నా చార్టు మీద రెండు గుంటల మధ్య దూరం వేలి వెడల్పు.

ముందు కూర్చున్నవాడికి ఎదురుగా వికర్స్ మెషిన్ గన్. వెనకవాడికి గుండ్రంగా తిరిగే ఇనుప చట్రం మీద లూయిస్ గన్. ఆ చట్రానికి ఏం వాడాలా అని రెండు రోజులు వెతికాను. మా ఆవిడ ట్రంకుపెట్టె తీసి మా అమ్మాయి చిన్నప్పటి ఇత్తడి గాజు ఒకటి చేతిలో పెట్టింది. పెట్టి చూస్తే చేత్తో కొలిచినట్టు సరిపోయింది.

ఆ గాజు మధ్యలో వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఈ గుండ్రంలో ఒక మనిషి నిలబడేవాడు. పైన కప్పు లేదు. అయిదు వేల మీటర్ల ఎత్తులో, తోలు కోటు, బొచ్చు బూట్లు, ముఖానికి గ్రీజు. గంటల తరబడి. పారాషూట్ లేదు. ఆ యుద్ధంలో బ్రిటిష్ విమానాల సిబ్బందికి పారాషూట్లు ఇవ్వనే లేదు. విమానం అంటుకుంటే దానితోపాటే ఉండాలి, లేదా దూకాలి.

జులై 14, ఆదివారం

పెద్ద దెబ్బ తగిలింది.

రెక్కలకి గుడ్డ తొడగడానికి మల్లు గుడ్డ తెచ్చాను. అసలు వాడింది ఐరిష్ లినెన్. దాన్ని చట్రం మీద లాగి కుట్టి, పైన డోప్ అనే ద్రవం పూస్తే గుడ్డ బిర్రుగా బిగుసుకుని డప్పులా మోగుతుంది. నేను మొదట గంజి పెట్టి చూశాను. మా అమ్మ నాన్నగారి పంచెలకి పెట్టినట్టే, పల్చగా వార్చి పూశాను. ఎండలో అద్భుతంగా బిగిసింది. రెండు రోజులు మబ్బు పట్టి వాన కురిసేసరికి గుడ్డంతా వేలాడిపోయింది. అంతటితో పోలేదు. తేమకి కింది ఎడమ రెక్కలో జిగురు వదిలి ఏడు రిబ్స్ ఊడొచ్చాయి. ఆ చప్పుడికి రాత్రి లేచి వెళ్ళి చూస్తే చట్రం మెలితిరిగి ఉంది. ఆర్నెల్ల పని పోయినట్టు టెన్షన్ పడ్డాను గానీ పోయింది మూడు వారాల పనే.

పొద్దున్నే ఊడిన రిబ్స్ ఏరుతుంటే ఇదే 110 స్క్వాడ్రన్ కథలో ఇంకో పేజీ గుర్తొచ్చింది. రెండో యుద్ధంలో 1942లో ఈ దళాన్ని మన దేశానికి పంపారు. బర్మా సరిహద్దులో జపాన్ మీద పోరుకి. మొదట వెంజెన్స్ అనే డైవ్ బాంబర్లు నడిపారు. మన వాయుసేన 7, 8 స్క్వాడ్రన్లు కూడా అక్కడ ఎగరేసినవి అవే. తర్వాత 1944 చివర్లో 110కి మస్కిటో విమానాలు వచ్చాయి. మస్కిటో దాదాపు పూర్తిగా కర్ర విమానం, జిగురుతో అతికించినది. సరిగ్గా ఆ సమయంలోనే ఇండియాలో కొన్ని మస్కిటోలు గాల్లో రెక్క అతుకులు వదిలి కూలిపోయాయి. ఉన్నవాటన్నిటినీ నేల మీద నిలిపేసి పరీక్షించారు. మన వానా తేమా జిగురుని తినేశాయా, ఫ్యాక్టరీలో అతుకు సరిగ్గా కూర్చోలేదా అని పెద్ద వాదనే జరిగింది.

నా రెక్క ఊడితే మళ్ళీ అతికించుకుంటాను. వాళ్ళు, ముందు రోజు ఒకడి రెక్క ఊడిందని విని కూడా, పరీక్షలో పాసైందని చెప్తే మళ్ళీ అదే రకం విమానం ఎక్కారు. ఇవాళ పొద్దున చేతిలో రిబ్ ముక్క పట్టుకుని ఉండగానే నాకు ఈ సంగతి ఒంటికి ఎక్కింది. అంతకుముందు చదివినప్పుడు అది కేవలం సమాచారం.

జులై 28

కుర్చీలకి పాలిష్ పెట్టే కుర్రాడు దారి చూపించాడు. వాళ్ళు వాడే ఎన్‌సి లాక్కర్ ఉంది కదా, నైట్రోసెల్యులోజ్‌ది. ఆనాటి డోప్‌కి అది దగ్గరి చుట్టమే. మూడొంతులు థిన్నర్ కలిపి మల్లు గుడ్డ మీద పూస్తే గంటలో బిగిసింది. మరీ బిగిస్తే చట్రాన్ని వంచేస్తుంది కాబట్టి అందులో కొద్దిగా ఆముదం కలపాలి. ఇది పాత మోడల్ పనివాళ్ళ చిట్కా. ఆముదం గుడ్డకి కాస్త సాగే గుణం ఇస్తుంది. పావు లీటరు లాక్కర్‌కి అర చెంచా వేశాను.

ఆముదం సీసా మూత తీసేసరికి గదంతా నానమ్మ వాసన. ఆ యుద్ధంలో ఆముదానికి ఇంకో పనీ ఉండేది. గిర్రున తిరిగే రోటరీ ఇంజిన్లకి అప్పట్లో కందెనగా ఆముదమే వాడేవాళ్ళు, అందుకు మన దేశం నుంచి గింజలు ఓడల్లో వెళ్ళేవి. ఈ డీహెచ్ 9ఎ ఇంజిన్ ఆ రకం కాదు, అమెరికా నుంచి వచ్చిన 400 హార్స్ పవర్ లిబర్టీ. పన్నెండు సిలిండర్లు, నీళ్ళతో చల్లబరిచేది. ముక్కు దగ్గర లారీకి ఉన్నట్టు పెద్ద రేడియేటర్ ఉండేది అందుకే. ఆ రేడియేటర్ని బీరు సీసా మూత మీది రేకులాంటి సన్నటి అల్యూమినియం మడిచి చేశాను. బాగానే కుదిరింది.

వేలితో రెక్క మీద కొడితే ఇప్పుడు టక్‌మంటోంది.

ఆగస్టు 11

ఈ రోజు పని తక్కువ, మాట ఎక్కువ.

మా లైబ్రరీ కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైర్డ్ హెడ్మాస్టర్. మోడల్ సంగతి విని ఇంటికొచ్చి చూశారు. చాలాసేపు రెక్కలకేసి చూసి, "పనితనం బాగుందండీ. కానీ ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఊళ్ళ మీద బాంబులేసినవాళ్ళని మనం ఎందుకు తలుచుకోవాలి?" అన్నారు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మాది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా నానమ్మ ఆ రోజు గురించి చెప్తూ, రేవు వైపు నుంచి చప్పుడు వచ్చిందని, పొయ్యి మీద అన్నం అలాగే వదిలి పిల్లల్ని ఎత్తుకుని ఊరు దాటి పరిగెత్తామని అనేది. తర్వాత రోజుల్లో జనం బళ్ళు కట్టించుకుని పల్లెలకి వెళ్ళిపోయారట. ఆకాశంలో మోత వినపడితే ఎనభై ఏళ్ళు దాటాక కూడా ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసేది. కింద ఉన్నవాళ్ళ సంగతి నాకు ఆ ఇంట్లోంచే తెలుసు.

బ్రిటిష్ బాంబర్లు తగలబెట్టిన జర్మన్ నగరాలు హాంబర్గ్, డ్రెస్డెన్ పేర్లు నేనూ చదివాను. అక్కడ చనిపోయిన ఆడవాళ్ళూ పిల్లలూ నాకు నానమ్మ లాంటివాళ్ళే. అయినా పైన ఉన్నవాడు కూడా ఒక ఇంటి పిల్లాడే. రెండో యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన బాంబర్ల విభాగం బాంబర్ కమాండ్‌లో ఎగిరినవాళ్ళు సుమారు 1,25,000 మంది. అందులో 55,573 మంది చనిపోయారు. నూటికి నలభై నాలుగు మంది. ఎగిరే పనికి వాళ్ళలో ఒక్కరినీ బలవంతంగా పంపలేదు, అందరూ తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళే. బ్రిటన్ వాళ్ళే కాదు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, పోలండ్ పిల్లలు కూడా. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్ళు. ఏ ఊరి మీద వెయ్యాలో నిర్ణయించింది వాళ్ళు కాదు. కానీ ఆ నిర్ణయాల గురించి వచ్చిన మాటలన్నీ వాళ్ళే పడ్డారు. లండన్ గ్రీన్ పార్కులో వాళ్ళకి స్మారకం కట్టింది 2012లో. అంటే యుద్ధం అయిపోయిన 67 ఏళ్ళకి. అప్పటికి మిగిలినవాళ్ళు చాలామంది చక్రాల కుర్చీల్లో వచ్చారు.

మా అమ్మాయి ఆ స్మారకం దగ్గరికి వెళ్ళొచ్చింది. ఏడుగురు విమాన సిబ్బంది కంచు విగ్రహాలు, మనిషికంటే చాలా ఎత్తు. అప్పుడే దిగి వచ్చినట్టు నిలబడి ఉంటారు. కొందరి చూపు ఇంకా ఆకాశం వైపే. మీద కప్పు అల్యూమినియంతో చేసింది. ఆ అల్యూమినియంలో 1944 మేలో బెల్జియంలో కూలిన ఒక హాలిఫాక్స్ బాంబర్ రేకులు ఉన్నాయి. లోపల గోడ మీద ఇంకో వాక్యం కూడా చెక్కారు. 1939 నుంచి 1945 దాకా బాంబు దాడుల్లో ప్రాణాలు పోయిన అన్ని దేశాలవాళ్ళనూ ఈ స్మారకం తలుచుకుంటుందని.

ఆ మాటే చెప్పాను హెడ్మాస్టరుగారికి. నా పీఠం మీద కూడా పేర్ల కింద ఆ అర్థం వచ్చే ఒక లైను ఉంటుందని, కాకినాడ పేరు కూడా ఉంటుందని చెప్పాను. ఆయన తల ఊపలేదు, కాదనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఆ లైను ముందు నాకు చూపించండి, తప్పుల్లేకుండా చూస్తాను" అన్నారు. అంతకంటే నాకేం కావాలి.

ఆగస్టు 18

రంగు. పైభాగాలకి ఆనాటి రంగు పీసీ10 అంటారు. చూడ్డానికి పాచి పట్టిన గోధుమరంగు. అది పసుపు మట్టిలో దీపపు మసి కలిపి చేసిన రంగే. నేనూ అలాగే చేశాను. ఆర్ట్ షాపులో పసుపు మట్టి పొడి కొన్నాను, మసి మాత్రం ఇంట్లోనే, ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి పట్టాను. మసి ఒక పిసరు ఎక్కువైతే పచ్చదనం వచ్చేస్తుంది, తక్కువైతే ఇటుక రంగు. నాలుగో గిన్నెకి కుదిరింది. రెక్కల అడుగు భాగం గుడ్డ రంగులోనే వదిలేశాను, అసలుదీ అంతే.

సెప్టెంబర్ 4

తీగలు కడుతున్నాను. రెండు అంతస్తుల రెక్కల మధ్య అడ్డదిడ్డంగా కనిపిస్తాయి గానీ ఒక్క తీగ తీసేస్తే నిలబడదు. చేపలు పట్టే సన్నటి నైలాన్ వాడాను. ఒక్కోటీ లాగి కట్టాక వేలితో మీటి చూడాలి, అన్నీ ఒకే శ్రుతి పలకాలి.

ఇవాళ తేదీ ముఖ్యం. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే, 4న, బ్రిటిష్ వాయుసేన జర్మనీ మీద తొలి బాంబు దాడి చేసింది. విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర లంగరు వేసి ఉన్న యుద్ధనౌకల మీద. ముందు వెళ్ళింది మన హైదరాబాద్ స్క్వాడ్రనే. వాటిషం స్థావరం నుంచి అయిదు బ్లెన్‌హైమ్ బాంబర్లు, నాయకుడు కెనెత్ డోరన్. వెనకాల 107 స్క్వాడ్రన్‌వి ఇంకో అయిదు. మబ్బులు ఎంత కిందకి ఉన్నాయంటే ఓడల స్తంభాల ఎత్తులో దూసుకుపోయారు. అడ్మిరల్ షీర్ అనే నౌక మీద పడ్డ బాంబులు పేలలేదు. పదింటిలో అయిదు విమానాలు తిరిగి రాలేదు. 107 నుంచి నాలుగు, 110 నుంచి ఒకటి. ఆ ఒక్కదాని పైలట్ పేరు ఎమ్డెన్. ఆ దాడిలో దెబ్బతిన్న జర్మన్ యుద్ధనౌక పేరు కూడా ఎమ్డెనే.

ఎమ్డెన్ అనగానే కోస్తా వాళ్ళకి, మద్రాసు వాళ్ళకి ఇంకోటి తడుతుంది. 1914లో మద్రాసు మీద గుండ్లు పేల్చిన ఓడ. అది వేరు, ఆ ఏడాదే యుద్ధంలో నాశనమైంది. తర్వాత కట్టిన ఓడకి మళ్ళీ అదే పేరు పెట్టారు.

సాయంత్రం మా వీధి చివర బోర్డులు రాసే పెయింటరన్న దగ్గరికి పీఠం పలక పట్టుకెళ్ళాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన చేతికి పని తగ్గిపోయింది. గుడి గోడల మీద, ఆటోల వెనక మాత్రమే రాస్తున్నాడు. అక్షరం మాత్రం ముత్యం. మొదట శాంపిల్‌కి ఎమ్డెన్ అని రాయమన్నాను. ఉడత తోక వెంట్రుకల కుంచె తీసి, ఎనామిల్‌లో ముంచి, గాజు పలక మీద రెండుసార్లు తుడిచి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో ఎ గీశాడు.

"గీయన మనోడా సార్?"

కాదన్నా, ఇంగ్లండాయన. మన హైదరాబాద్ పేరున్న దళంలో ఎగిరి, యుద్ధం మొదలైన రెండో రోజే పోయాడు.

కుంచె ఆపాడు. "పెండ్లి అయిందా సార్?"

నాకు తెలియదు. నాలుగు నెలలుగా రెక్కల కొలతలు చదివాను, ఇంజిన్ గురించి చదివాను, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. తెలుసుకుని చెప్తానన్నాను.

సెప్టెంబర్ 22

పేర్లు సేకరిస్తున్నాను. యుద్ధ సమాధుల రిజిస్టర్లు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. దళం నంబరుతో వెతకొచ్చు. రాత్రి భోజనం అయ్యాక గంట కూర్చుని నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను. పేరు, వయసు, ఎక్కడ పడుకున్నాడో ఆ ఊరు. సమాధి దొరకనివాళ్ళకి గోడలున్నాయి. 1918లో పశ్చిమ రంగంలో జాడ తెలియకుండా పోయినవాళ్ళకి అరాస్‌లో ఒక స్మారకం. రెండో యుద్ధంలో బ్రిటన్ నుంచి, ఐరోపా స్థావరాల నుంచి ఎగిరి తిరిగి రానివాళ్ళకి రన్నీమీడ్, అక్కడ ఇరవై వేలకి పైగా పేర్లు. బర్మా అడవుల్లో, సముద్రంలో పోయిన వైమానికుల పేర్లు సింగపూర్‌లో క్రాంజి గోడల మీద ఉన్నాయి. హైదరాబాద్ స్క్వాడ్రన్ ఈ మూడు దిక్కుల్లోనూ పిల్లల్ని పోగొట్టుకుంది.

1918 లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. దళం పూర్తి బలం 18 విమానాలు. సెప్టెంబర్ 1న ఫ్రాన్స్ చేరారు, బెటన్‌కోర్ట్ అనే చోటికి. నవంబర్ 11న యుద్ధం ఆగిపోయింది. ఆ రెండున్నర నెలల లోపల 45 విమానాలు పోయాయి. శత్రువు కూల్చినవి 17, ప్రమాదాల్లో 28. అక్టోబర్ 21 ఒక్క రోజే ఏడు. అంటే ఒక్కో విమానం చోటు సగటున రెండుసార్లకి పైగా ఖాళీ అయింది, కొత్త విమానాలు వచ్చి చేరాయి. పట్టపగలు, ఫైటర్ల తోడు లేకుండా, జర్మనీ లోపలికి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వెళ్ళొచ్చే దళం అది.

హెడ్మాస్టరుగారు పీఠం మీది లైను సరిచూశారు. "బాంబుల కింద ప్రాణాలు విడిచిన అన్ని దేశాలవారికీ, 1942లో విశాఖ, కాకినాడలలో పోయినవారికీ" అని రాశాను. ఆయన ఒక్క మాట మార్చారు. 'పోయినవారికీ' తీసి 'మనవారికీ' అని పెట్టారు.

సెప్టెంబర్ 29

విమానం పక్కన నిజాం కానుక అక్షరాలు పెయింటరన్నే రాశాడు. నా స్కేలుకి ఒక్కో అక్షరం రెండు మిల్లీమీటర్లు. కుంచెలో మూడే వెంట్రుకలు వదిలి మిగతావి కత్తిరించాడు. బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి, మణికట్టు కింద చిన్న ఇసుక మూట పెట్టుకుని, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా. మధ్యలో మా ఆవిడ టీ తెస్తే వద్దన్నాడు, తాగితే చెయ్యి వణుకుతుందట. 12ఎ దగ్గరికి వచ్చేసరికి వెలుతురు తగ్గింది. రేపు రాద్దామన్నా అంటే వినలేదు, ఫోన్ లైటు పట్టమన్నాడు.

అక్టోబర్ 5, శనివారం

1918లో ఇదే రోజు ఎఫ్1010 ఆఖరిసారి గాల్లోకి లేచింది. పైలట్ కెప్టెన్ ఇంగ్లిస్, అబ్జర్వర్ సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ. జర్మనీ మీద దాడిలో దెబ్బతిని కిందకి దిగింది. ఇద్దరూ బతికారు, ఖైదీలయ్యారు. విమానం జర్మన్లకి చిక్కింది కాబట్టే ఇవాళ మనకి మిగిలింది. వాళ్ళు దాన్ని బెర్లిన్‌లో మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బ్రిటిష్ బాంబర్లే విరుచుకుపడుతుంటే, మ్యూజియం వస్తువులు కొన్ని తూర్పుకి తరలించారు. అలా ఇది పోలండ్‌లో తేలింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానం ఇచ్చి దీన్ని తెచ్చుకుంది. రెక్కలు అప్పటికే పోయాయి, కొత్తవి కట్టారు. మరి జులైలో నా రెక్క ఊడినందుకు నేనెందుకంత బాధపడ్డానో.

పొద్దున పదింటికి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని లైబ్రరీకి తీసుకెళ్ళాను. మా ఆవిడ పీఠం పట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర తోక కింది కర్ర చిట్లింది, అక్కడే కూర్చుని జిగురు పెట్టి దారం చుట్టాను. పిల్లల విభాగం పక్కన కిటికీ దగ్గర బల్ల ఇచ్చారు. ఇరవై మంది దాకా వచ్చారు. హెడ్మాస్టరుగారు నిలబడి పీఠం మీది పేర్లు ఒక్కొక్కటే చదివారు. మైకు వద్దన్నారు. ఇంగ్లిస్, బాడ్లీ పేర్లు పైన వేరుగా రాయించాను, మిగతావన్నీ తిరిగి రానివాళ్ళవి. వయసులు కూడా చదివారు. పందొమ్మిది వచ్చిన ప్రతిసారీ ఆయన గొంతు ఆగింది. నలభై ఏళ్ళు ఆ వయసుకి కాస్త ముందు పిల్లలకే పాఠం చెప్పిన మనిషి.

మధ్యాహ్నం మూడున్నరకి మా అమ్మాయి హెండన్ నుంచి వీడియో కాల్ చేసింది. అసలు విమానం పక్కనే నిలబడి ఉంది. ఫోన్ తిప్పి ఆ అక్షరాలు చూపించింది. పెయింటరన్న నా భుజం మీద నుంచి వంగి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

కాల్ అయ్యాక పీఠం దగ్గరికి వెళ్ళి, జేబులోంచి టేపు తీసి, పేర్ల కింద మిగిలిన ఖాళీ కొలిచాడు. తర్వాత వేలితో వరసలు లెక్కపెట్టుకున్నాడు.

"ఇంక ముప్ఫై పేర్లు పడతయ్ సార్, గింత సన్నగ రాస్తే. గా బర్మాల పోయినోళ్ళవి రాలే కదా ఇంక. రాసుకోని తేండ్రి." ఆగి, "గా ఎమ్డెన్ సార్‌కు పెండ్లయిందా లేదా, దొరికిందా?" అన్నాడు.

లేదన్నా, వెతుకుతున్నాను అన్నాను.